పాత టైర్లు, పరాయి చక్రాలు

నీళ్ళు పొంగు రాకముందే స్టవ్ మంట తగ్గించింది. మరీ మరిగితే పాత రబ్బరు పెళుసెక్కుతుంది, చల్లబడితే జిగురు కదలదు. ఆ రెండింటి మధ్య వేడిని ఆమె గిన్నె మీద లేచే ఆవిరిని చూసే పట్టుకుంటుంది. చక్రాన్ని పటకారుతో పైకి తీసి, గుడ్డలో చుట్టి, టైరు అంచు కింద రెండు బొటనవేళ్ళూ దూర్చి నెట్టింది. కదల్లేదు. తిప్పి రెండో పక్క నెట్టింది. అక్కడా అంతే. మళ్ళీ నీళ్ళలో వేసింది.

చక్రమంటే ఎంతో పెద్దది కాదు, అరచేతిలో ఇమిడేదే. రిమోట్‌తో నడిపే పందెం కారుది. ఈ కార్లలో టైరును చక్రానికి జిగురుతో అతికిస్తారు. చక్రం మార్చాలంటే ముందు జిగురు వదిలించాలి. వేడినీళ్ళకి లొంగితే టైరూ దక్కుతుంది, చక్రమూ దక్కుతుంది. లొంగకపోతే రెండిట్లో ఒకదాన్ని కోసుకోవాల్సిందే. ఇన్నేళ్ళుగా ఎందరి చక్రాలో ఊడదీసింది ఆమె. వేడినీళ్ళకి లొంగనివి తక్కువ.

ఇవి మాత్రం లొంగడం లేదు. ఎందుకు లొంగుతాయి? అప్పట్లో అతికించింది ఆమే మరి.

చెప్పుల ఫ్యాక్టరీలో అడుగులు అతికించే పని ఆమెది. ఏ రబ్బరుకి ఎంత గరుకు పెట్టాలి, ఎంతసేపు ఆరనిచ్చి నొక్కాలి అన్నది ఒకరు నేర్పింది కాదు, వేళ్ళు కాల్చుకుని తెలుసుకున్నది. ఆ పనే ఇంట్లో తమ్ముడి చక్రాలకీ పనికొచ్చింది. తర్వాత పందేలు జరిగే గోదాములో అందరి చక్రాలూ ఆమె దగ్గరికే రావడం మొదలైంది. జిగురక్క అని పేరు పెట్టారు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా జిగురక్కా అనే పిలుస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఓడిపోయినవాడల్లా టైర్లని తిట్టుకుంటాడు గానీ, ఆమె అతికించిన టైరు ఊడింది అన్నవాడు మాత్రం లేడు.

ఆమెకీ ఒక బండి ఉంది. వాళ్ళూ వీళ్ళూ పారేసిన సామాను ఏరి, విరిగినచోట అతుకులేసి కట్టుకున్నది. తమ్ముడు అప్పుడప్పుడే రిమోట్ పట్టడం నేర్చుకుంటున్న రోజుల్లో గోదాములో ఒక్కసారి దిగింది, తమ్ముడి కన్నా ముందు గీత దాటింది. ఆ రోజు ఇంటికొచ్చాక నాన్న అన్నం ముందు కూర్చుని, ‘‘ఇంటికో రిమోట్ చాలమ్మా,’’ అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తమ్ముడు తలెత్తలేదు. బండి గుడ్డసంచీలోకెక్కి మంచం కిందికి పోయింది. నాన్న పోయాక కూడా అక్కడే ఉంది.

ఈసారి గోదామువాళ్ళు పెద్ద పందెంతో పాటు సాయంత్రం పాత బళ్ళకొక పందెం పెడుతున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె వెళ్ళి పేరిచ్చి వచ్చింది. బండిని బయటికి తీసి దుమ్ము దులిపింది. వెలుతురు తగలని చోట ఉన్నందువల్లేమో, టైర్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఆ రకం రబ్బరు చెయ్యడం ఎప్పుడో మానేశారు.

చిక్కు అక్కడే వచ్చిపడింది. గోదాము నేల అరిగి నున్నబడింది. కొత్త టైర్లేవీ దాన్ని పట్టడం లేదు. పాత మెత్త టైర్లయితేనే పట్టు దొరుకుతుంది. నిన్న సాయంత్రం తమ్ముడు నాలుగు కొత్త చక్రాలు పట్టుకుని వచ్చాడు.

‘‘అక్కా, నీ టైర్లు వీటికెక్కించు. ఎల్లుండి మధ్యాహ్నానికల్లా నా పందెం అయిపోతుంది. తర్వాత మళ్ళీ నీ చక్రాలకే ఎక్కించుకుందువు గాని.’’

‘‘రెండుసార్లు ఊడదీసి రెండుసార్లు అతికించాలి. అదేమన్నా జాకెట్టురా, విప్పి తొడుక్కోడానికి?’’

‘‘నీకదో లెక్కా?’’

అమ్మ గదిలోంచే అందుకుంది. ‘‘తోడబుట్టినవాడు అడిగితే వంకలా? వాడు గెలిస్తే నువ్వు గెలిచినట్టు కాదుటే?’’

ఊడదీసి మళ్ళీ పెట్టుకోవచ్చు కదా అనుకుంది. సరే అంది. అలా పొద్దున్నే స్టవ్ ముందు కూర్చుంది.

మూడోసారి తీసి చూసింది. నాలుగోసారికి బొటనవేలి చివర బొబ్బ లేచింది. టైరు అంచు చక్రంతో కలిసి పుట్టినట్టే ఉంది. ఊరికే కూర్చుని దానికేసి చూసింది. తన చెయ్యి అంత బాగా పని చేసినందుకు ఎన్నడూ ఇంత చేదుగా అనిపించలేదు.

స్టవ్ ఆపేసి తమ్ముడికి ఫోన్ చేసింది. రెండు వీధుల అవతలే ఇల్లు. టీ గ్లాసు పట్టుకునే వచ్చాడు.

‘‘ఊడట్లేదురా. టైరు దక్కాలంటే చక్రం కోసెయ్యాలి.’’

‘‘కొయ్యి.’’

‘‘కోస్తే నా బండికి చక్రాలుండవు. ఈ రకం ఇప్పుడెక్కడా లేవు. నీ చక్రం నా ఇరుసుకి ఎక్కదు.’’

‘‘తెలుసులే.’’

‘‘తెలిస్తే మరి రేపు సాయంత్రం నేను దేంతో దిగాలి?’’

అతను గ్లాసు కిటికీ మీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు.

‘‘అక్కా, నీ పేరు తీసెయ్యమని చెప్పేశానే.’’

‘‘ఎప్పుడు?’’

‘‘మొన్న.’’

‘‘నన్ను టైర్లు అడిగింది నిన్న.’’

‘‘అవును. నువ్వు కాదనవు కదా.’’

అందులో దాపరికం లేదు, తప్పు చేసినవాడి తడబాటూ లేదు. నీళ్ళు పల్లానికి పోతాయి కదా అన్నట్టు అన్నాడు. ఆమెకి కోపం కూడా వెంటనే రాలేదు. తను కాదన్న సందర్భం ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంది. దొరకలేదు.

‘‘మళ్ళీ నా చక్రాలకే ఎక్కించుకోమన్నావు కదరా.’’

‘‘అలా అనకపోతే నువ్వు బాధపడతావని.’’

అమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ‘‘పోనిద్దూ. ఈ వయసులో పదిమంది మధ్య నిలబడి ఆ బొమ్మ తిప్పితే చూసేవాళ్ళు నవ్వరూ?’’

‘‘వాడు తిప్పేదీ బొమ్మేనమ్మా.’’

‘‘వాడి సంగతి వేరు.’’

‘‘ఏం వేరు?’’

‘‘వాడు గెలుస్తాడు.’’

తమ్ముడు అక్క వైపు చూడలేదు. ఒకప్పుడు గీత దగ్గర ఎవరు ముందున్నారో ఆ గదిలో తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకడు టీ తాగుతున్నాడు.

ఫోన్ చేసి పేరు మళ్ళీ చేర్చమనొచ్చు. టైర్లివ్వను పొమ్మనొచ్చు. ఆ రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఇవ్వనంటే రేపు వాడు ఓడిపోతాడు, ఆ ఓటమి ఆమె నెత్తినే పడుతుంది. పేరు చేర్పిస్తే, తమ్ముణ్ణి ముంచి తను సరదా తీర్చుకుందని గోదామంతా అంటుంది, ఇంట్లో బతికున్నంతకాలం అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

‘‘సాయంత్రం రా,’’ అంది. ‘‘ఇక్కడ నిలబడకు. వెలుతురుకి అడ్డం.’’

అతను వెళ్ళాక కటింగ్ ప్లేయరు తీసింది. మొదటి చక్రానికి మధ్యనున్న పుల్లల్ని ఒక్కొక్కటే కత్తిరించింది. ప్లాస్టిక్కు టప్పుమని విరిగి గోడకి కొట్టుకుంది. తర్వాత బయటి వలయాన్ని సన్న రంపంతో కోసింది. రబ్బరుకి పన్ను తగిలిందా, చేసిందంతా వృథా. మిగిలిన ముక్కల్ని టైరు లోపలి వైపుకి మడుస్తూ, గాయం మీద పట్టీ పీకినట్టు మెల్లగా పీకింది. మొదటిది ఊడేసరికి పొద్దెక్కింది. ఇంకో మూడున్నాయి. ఇప్పుడు ఆపినా ఆ బండి లేవదు.

అమ్మ అన్నానికి పిలిచింది. తర్వాత తింటానంది.

టైర్లలో గాలికి బదులు కూరిన స్పాంజి పొడిపొడిగా రాలింది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న చెప్పుల స్పాంజి ముక్కల్లోంచి కొత్తవి కోసింది. స్పాంజి ఎక్కువైతే టైరు ఉబ్బుతుంది, తక్కువైతే మలుపులో ముడుచుకుపోతుంది. కోసి, దూర్చి, నొక్కి చూసి, తీసి, మళ్ళీ అంచు చెక్కింది. టైరు అంచుల మీది పాత జిగురుని గరుకు కాగితంతో గీకి, స్పిరిటుతో తుడిచింది. కొత్త చక్రం గాడి వెడల్పు, పాత టైరు అంచు సన్నం. మధ్యలో సందు మిగిలింది. సైకిలు ట్యూబు నుంచి దారంలా పట్టీ కోసి ఆ సందు నింపింది. ఇవన్నీ చెయ్యకపోయినా రెండు చుట్లు తిరిగేదాకా ఎవరికీ తెలియదు. మూడో చుట్టులో టైరు ఊడి, కారు గోడకి కొట్టుకునేది. ఆ ఆలోచన రాలేదని కాదు. వచ్చింది, కాసేపు కూర్చుంది, పోయింది. వాడి మీద కసి టైరు మీద తీర్చుకోవడం ఆమె చేతికి రాదు.

జిగురు బుడ్డి సన్న ముక్కుని అంచుకి ఆనించి చుక్క వదిలింది. చుక్క తనంతట తనే సందులోకి పాకింది. కాస్త తిప్పి ఇంకో చుక్క. ఒక పక్కయ్యాక టైరు మీద రబ్బరు బ్యాండు బిగించి ఆరబెట్టి, రెండో పక్క పట్టింది.

సాయంత్రం తమ్ముడు వచ్చేసరికి నాలుగూ బల్ల మీద వరసగా ఉన్నాయి. ఒకదాన్ని తీసుకుని బొటనవేలితో అంచంతా నొక్కి చూశాడు. ఎక్కడా సందు దొరకలేదు.

‘‘అద్దంలా ఉంది. నీ చేతులకి దండం పెట్టాలక్కా.’’

‘‘గీత పెట్టినవి ఎడమవైపు. మార్చి వెయ్యకు. రేపు పొద్దున్నదాకా ఎండ తగలనివ్వకు.’’

‘‘రేపు నువ్వు రావాలి. ముందు వరుసలో కుర్చీ వేయిస్తా.’’

‘‘రాను. ఇకమీద నీ చక్రాలు నా దగ్గరికి తేకు.’’

అతను నవ్వాడు. ‘‘కోపం వచ్చిందా? రెండ్రోజులు పోతే అదే తగ్గుతుందిలే.’’

‘‘కోపం కాదు. ముందే చెప్తున్నా, వేరేవాళ్ళని చూసుకో.’’

నవ్వు కాసేపు మొహం మీదే ఉండి, మెల్లగా ఆరిపోయింది. గుమ్మం వైపు చూశాడు, అమ్మ ఏమన్నా అంటుందేమోనని.

ఆమె చక్రాల్ని ఒక్కోదాన్నీ గుడ్డపేలికలో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా అట్టపెట్టెలో సర్దింది. మూత పెట్టి, తాడు కట్టి, పెట్టెని తమ్ముడి చేతుల్లో పెట్టింది.