వీపు తట్టే చెయ్యి

2011 జూన్ 12, ఆదివారం, ఉదయం ఏడుంపావు. ఒకప్పుడు అఖాడాలో కుస్తీలు పట్టిన మా మరిదికి, జూడో నేర్చుకుంటున్న మా అమ్మాయి దేవేంద్ర నగర్ ఇంటి మేడ మీద మోచేతి పట్టు చూపిస్తోంది.

“మా అఖాడాలో వీపు నేలకంటితేనే ఓటమి. చెయ్యి మెలిపెట్టడం ఏం కుస్తీ, బేటా?” అన్నాడు.

“నా చేతికి వేసి చూడు బాబాయ్, తెలుస్తుంది.”

వేశాడు. నొప్పి పుట్టగానే అమ్మాయి అతని వీపు మీద రెండుసార్లు తట్టింది. జూడోలో దానికి ‘ఓడాను, వదులు’ అని అర్థం. కనబడ్డవారందరి వీపూ తట్టి శభాష్ అనే మనిషి, తనను మెచ్చుకుంటోందనుకుని ఇంకా బిగించాడు. కీలు తప్పింది.

తర్వాత బతికిన తొమ్మిదేళ్లూ అతను ఎవరి వీపూ తట్టలేదు. అమ్మాయి పెళ్లిలో అక్షింతలు కూడా దూరం నుంచే వేశాడు.

పోయినవి: అమ్మాయి కుడిచెయ్యి పూర్తిగా చాచడం, ఆ ఏటి రాష్ట్ర పోటీ, మా ఇంట్లో శభాష్.