అవ్వ సున్నం వేయించిన విమానం

పోయిన మంగళవారం పొద్దున పక్కింటి అవ్వ పోయిందని మా ఆవిడ వచ్చి చెప్పింది. ముందు రోజు సాయంత్రమే గోడ మీదుగా సొరకాయ అందించి, పులుసు పెట్టమని, పప్పులో వేసి పాడు చేయొద్దని మరీమరీ చెప్పి వెళ్లిన మనిషి. నమ్మబుద్ధి కాలేదు. ఆ సొరకాయ అప్పటికింకా మా వంటింట్లోనే ఉంది.

గౌడవెల్లి పక్కన కొత్తగా వెలసిన కాలనీ మాది. సగం మందిమి గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకని వచ్చినవాళ్లం. ఊరివాళ్లకీ మాకూ పాలు, కూరగాయల బేరాలే తప్ప వేరే మాటలుండేవి కావు. మా గోడకు అవతలి ఇల్లు మాత్రం కాలనీ రాకముందు నుంచీ ఉన్నది, ఊరిమనిషి అవ్వది. మా వైపు పెద్దావిడని మామ్మగారంటాం. అలా పిలిస్తే ఆమె పలికేది కాదు. అవ్వా అంటేనే తిరిగి చూసేది.

ఊరికీ కాలనీకీ మధ్యనున్న బడి మైదానంలో పాత యుద్ధ విమానం ఒకటి ఉంది. ఎప్పుడో సైన్యం వాళ్లు బడికి ఇచ్చినది. ఇంజను లేదు. రెక్కల కింద మేకలు పడుకునేవి. దాన్ని ఎక్కడో దూరాన మ్యూజియానికి తరలిస్తారని తెలిసినప్పుడు మా కాలనీలో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. కార్లు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుందని సంబరపడినవాళ్లూ ఉన్నారు.

అవ్వకు మాత్రం అన్నం సయించలేదు. ఎందుకింత బాధ అని అడిగాను. వయసులో ఉన్నప్పుడు చేలో కలుపు తీస్తుంటే వైమానిక శిక్షణ కేంద్రమున్న దుండిగల్ వైపు నుంచి రోజూ విమానాలు నెత్తి మీదుగా పోయేవట. ఆ మోత వినపడగానే కూలీలంతా నడుములెత్తి సద్ది మూటలు విప్పేవారట. "గదే మా గడియారం బిడ్డా. గది ఇనవడితేనే మాకు బువ్వ," అంది.

పైన రేకుల కప్పు వేసి, శుభ్రంగా చూసుకునేవాళ్లుంటే ఇక్కడే ఉంచుతామని, తరలింపు పని చూడటానికి వచ్చిన అధికారి గడువు పెట్టి వెళ్లారు. అవ్వ బోనాల చందాకి తిరిగినట్టే ఇంటింటికీ తిరిగింది. డబ్బు లేదన్నవాళ్లనూ వదల్లేదు. రైతులు వడ్లు ఇచ్చారు. సూరారంలో వెల్డింగు పని చేసే ఊరివాళ్లు తమ ఆదివారాలు ఇచ్చారు. శామీర్‌పేట చెరువులో వల వేసే ఆమె చుట్టాలు ఒక పూట పట్టిన చేపలన్నీ ఇస్తే, గంప తెచ్చి మా కాలనీ గేటు దగ్గర దించింది. తక్కెడ లేదు, ధర లేదు. ఎవరికి ఎంత తోస్తే అంత వేయమంది.

"మీరు చాపల కోసమన్న ఇమానం కొంటరని నాకెర్కనే," అని నవ్వింది. ఆ రోజు ఇంటింటా చేపల పులుసు, మర్నాటి నుంచి ఇంటింటా విమానం ఊసు.

కప్పు లేచింది. అధికారి రేపు వస్తారనగా అవ్వకు విమానం మరీ మాసిపోయినట్టు కనిపించింది. మేమంతా ఆఫీసుల్లో ఉండగా, పండగకి ఇంటికి వేసినట్టే సున్నం కలిపించి తోక నుంచి ముక్కు దాకా పూయించింది. పొద్దున్నే వచ్చి చూసిన బడి సైన్సు టీచరు, సున్నం ఆ అల్యూమినియం రేకును తినేస్తుందని మెల్లగా చెప్పింది. అవ్వ చక్రం పక్కనే కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

కాసేపటికి సున్నం అంటిన చెయ్యి టైరు మీద ఆనించి లేచి, కొంగు బిగించింది. కాలనీ తరఫున నీళ్ల ట్యాంకరు తెప్పించాం. ఊరివాళ్లూ మేమూ పాత చీరలు, పంచెలు తడిపి తుడవడం మొదలుపెట్టాం. సగం కూడా కాకముందే అధికారి జీపు దిగారు. ఈ పని ఎవరిదని అడిగారు. మోచేతుల దాకా సున్నంతో అవ్వే ముందుకొచ్చింది.

"కరాబ్ జేసింది నేనొక్కదాన్నే సారూ. బాగు జేస్తున్నది గీళ్లందరు. రెండూ రాస్కో."

ఆయన విమానం చుట్టూ తిరిగి, తుడుస్తున్నవాళ్లను ఒక్కొక్కరినీ చూశారు. చూసుకునేవాళ్లుండాలన్న షరతు ఆయన పెట్టిందే మరి. ముతక గుడ్డ వద్దు, మెత్తటిది వాడమని చెప్పి, విమానం ఇక్కడే ఉంటుందన్నారు.

అప్పటి నుంచి ఒక ఆదివారం ఊరు, ఒక ఆదివారం కాలనీ విమానాన్ని కడుగుతున్నాం. అవ్వ నీడలో కూర్చుని ఏ మూల మరిచామో చెప్పేది. ఆమె లేకపోతే ఈ ఊరు నాకు ఉత్తరాల మీద రాసుకునే చిరునామాగానే మిగిలిపోయేది. ఆ రుణం మాటల్లో తీరేది కాదు.

మంగళవారం ఆమెను తీసుకెళ్తూ ఆ కప్పు దగ్గరే దింపుడు కళ్లం పెట్టారు. కొడుకు వంగి చెవిలో పిలిచాడు. ఆమె పలకలేదు.

మొన్న ఆదివారం వంతు మాది. ఎవరూ పిలవకపోయినా ఊరివాళ్లూ వచ్చారు. చక్రాలు కడుగుతుంటే ఒక టైరు వెనక వైపు, ఇన్నాళ్లూ మా కంట పడని చోట, ఆ రోజు అవ్వ ఆనించిన చేతి సున్నపు గుర్తు వెలిసిపోయి కనిపించింది. రబ్బరుకి సున్నం ఏం చేస్తుందిలే అని అందరం దాని చుట్టూ తుడిచి వదిలేశాం. అంతలో దుండిగల్ వైపు నుంచి విమానం ఒకటి మోత పెడుతూ నెత్తి మీదుగా పోయింది. చేతుల్లో గుడ్డలు అక్కడే పెట్టి అందరం రెక్క కింద కూర్చున్నాం. మా ఆవిడ డబ్బా మూత తీసింది. సొరకాయ పులుసు.