టెకీలా లేబులు మీద ఎవరి సంతకం

మా బావగారికి, అంటే మా ఆయన పెదనాన్న కొడుక్కి, బర్మాలో యాంగోన్ పక్కనున్న తన్లిన్‌లో మద్యం సీసాల్లో నింపి అమ్మే షెడ్డు ఉంది. బావగారు అని రాయడం అలవాటే తప్ప గౌరవం కాదు. ఆ షెడ్డులో పదకొండేళ్ళు నేను కెమిస్టుని. సరుకు పరీక్షించి, లేబులు మీద ఉన్నది నిజమేనని నేను కాగితం మీద సంతకం పెడితేనే సీసాలు గేటు దాటేవి. పనివాళ్ళు నన్ను బర్మా మాటలో సయామా అనేవారు, మన మేడమ్ లాగా. బావగారు మాత్రం మంచినీళ్ళు తెమ్మన్నట్టు "అమ్మాయ్" అనేవారు.

ఒక ఏడు ఆయనకి టెకీలా పిచ్చి పట్టింది. ఊళ్ళో బార్లలో కుర్రకారు ఉప్పు నాకి, నిమ్మచెక్క కొరికి తాగడం చూసి వచ్చారు. మెక్సికో నుంచి పెద్ద ప్లాస్టిక్ ట్యాంకుల్లో సరుకు దిగింది. అది తెల్లది, బంగారు రంగుది, ముదురు రంగుది అని మూడు సీసాలుగా బయటికి వెళ్ళాలి. మూడింటి మీదా ఒకే మాట: నూరు శాతం అగావే. సంతకం పెట్టనన్నాను.

అగావే అంటే మన కిత్తలి జాతి మొక్క. ఏళ్ళ తరబడి పెరిగాక మట్టలన్నీ నరికేసి, మధ్యలో మిగిలిన గుమ్మడికాయంత దుంపని పొయ్యిలో కాలుస్తారు. అప్పుడు తీపెక్కుతుంది. దాన్ని నలిపి, రసం పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పడతారు. ఆ మొక్క తీపి తప్ప వేరే తీపి కలవకపోతేనే నూరు శాతం. అలాంటిదాన్ని వాళ్ళ చట్టం ప్రకారం అక్కడే సీసాలో నింపాలి, ట్యాంకుల్లో దేశం దాటించకూడదు. ట్యాంకుల్లో వచ్చేది ఇంచుమించు సగం దాకా చెరకు పంచదార కలిపి పులియబెట్టినదే. అంటే ఆ ట్యాంకే సాక్ష్యం. ఈ మాట చెబితే బావగారు నవ్వారు.

"యాంగోన్‌లో ఎవడడుగుతాడమ్మాయ్?"

నేను అడుగుతున్నాను కదా అన్నాను. నేను లెక్కలోకి రానని ఆయన మొహమే చెప్పింది.

రంగుల సంగతి ఇంకా సిగ్గుచేటు. ముదురు టెకీలాకి ఆ రంగు ఓక్ చెక్క పీపాల్లో నెలలు, ఏళ్ళు నిలవుండటం వల్ల వస్తుంది. మా షెడ్డులో నాలుగు రోజుల్లో వచ్చింది. మాడ్చిన పంచదార పాకం, వెనిలా ఎసెన్సు, చెక్క వాసన కోసం ఒక సీసాడు రసాయనం. ఇవి కలపడం నేరమని నేననలేదు. కలిపి, పీపాలో పండిందని రాయడం నేరమన్నాను.

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే బయట నోరు విప్పుతానని భయం కాబోలు, ఆయన తగువుని యాంగోన్ తాకేటా పేటలో కోవెల వెనక హాల్లో కూర్చునే మా తెలుగువాళ్ళ కులపెద్దల దగ్గరికి తీసుకెళ్ళారు. గోడ తగాదాలూ పెళ్ళి తగాదాలూ తీర్చే చోట టెకీలా లేబులు! మరదలు మాట వినటం లేదని ఫిర్యాదు. సంతకం పెడితే అబద్ధానికి నా పేరు, పెట్టకపోతే పెద్దల మాట మీరినదాన్ని. వెళ్ళాను. అదే షెడ్డులో స్టోరు చూసే మా ఆయన నా వెనకే వచ్చి గోడవార నిలబడ్డాడు.

కోవెల ఆవరణలోకి మందు సీసా తేకూడదన్నారు. సరే, కారులోనే ఉంచాను, పెద్దలనే వీధిలోకి రమ్మన్నాను. అయిదుగురు ముసలివాళ్ళు డిక్కీ చుట్టూ నిలబడ్డారు. మెక్సికోలోనే సీలు వేసిన అసలు టెకీలా రెండు చుక్కలు అందరిలోకీ పెద్దాయన అరచేతుల్లో పోసి, రుద్దుకుని వాసన చూడమన్నాను. ఆయన రేవులో మోకులు లాగి బతికిన మనిషి. చేతులు తుడిపించి, తర్వాత మా షెడ్డు ముదురు రంగుది పోశాను. ఆయన అరచేతులు ముక్కుకి ఆనించి మళ్ళీ మళ్ళీ వాసన చూశారు.

"ముందుది కాల్సిన తేగ వాసనొస్తంది. రెండోది మిఠాయి కొట్టు వాసన. రెండూ ఒకటి కాదురా బాబూ. పిల్ల సెప్పింది నిజవే."

బావగారు నేల చూపులు చూశారు. గెలిచాననుకున్నాను. నలభై ఏడేళ్ళ వయసులో అంత వెర్రిదాన్ని.

మళ్ళీ హాల్లోకి వెళ్ళి పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. సరుకు వచ్చేసింది, లేబుళ్ళు అచ్చయిపోయాయి, ఇంటి మగవాడు నష్టపోకూడదు, ఆడపిల్ల మనసూ కష్టపెట్టకూడదు. తీర్పు ఆ పెద్దాయనే చెప్పారు.

"నీకు ఇష్టం నేకపోతే నువ్వెట్టకమ్మా. మీ ఆయన ఎడతాడు సంతకం. ఇంటి పేరు ఒకటే గదా."

నేను వెనక్కి తిరిగి చూశాను. కాదనడానికి మా ఆయనకి ఒక్క మాట చాలు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను అడిగినదల్లా అదొక్కటే, అదీ నోరు తెరిచి అడగలేదు, కళ్ళతోనే.

"పెద్దోళ్ళు సెప్పేక నానేటి సేస్తాను," అన్నాడు.

నాకు వాళ్ళెవరి మీదా రానంత కోపం ఆ మాట మీద వచ్చింది. పెద్దాయనకి నిజం తెలుసు, అయినా పక్కకి నెట్టాడు. బావగారికి లాభం తెలుసు. మా ఆయనకి ఏమీ తెలియదు, తెలుసుకోడు, అందుకే అందరికీ పనికొచ్చాడు.

సోమవారం పొద్దున్న షెడ్డుకి వెళ్ళి పరీక్ష గది తాళాలు మా ఆయన చేతిలో పెట్టాను. సంతకంతో పాటు పరీక్షా నువ్వే చెయ్యి అన్నాను. బావగారు గుమ్మంలో నిలబడి, ఇదంతా ఎందుకమ్మాయ్, జీతం ఇస్తూనే ఉంటాను కదా అన్నారు. ఊరికే కూర్చోబెట్టడానికి ఇచ్చే జీతం మీ ట్యాంకులోనే పోసుకోండి అన్నాను. ఈలోగా మా ఆయన సరుకు గాజు కూజాలో పోసి, ఆల్కహాలు ఎంతుందో కొలిచే గాజు గొట్టం అందుకున్నాడు. అది నిటారుగా తేలాలి, బరువైన బుడ్డి అడుగున ఉండాలి. ఆయన బుడ్డి పైకి పెట్టి ముంచాడు. అది పక్కకి ఒరిగి కూజా అంచుకి తగిలింది. మళ్ళీ ముంచాడు. నా వైపు చూశాడు.

తిరగేసి పట్టుకోమని చెప్పలేదు. బయటికొచ్చి బస్సెక్కాను.