పుదుచ్చేరి పసుపు గోడ మీద మన ఉమ్మి

ఆ మరక మీదే. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. కారు అద్దం దించి, మెడ బయటపెట్టి తుపుక్కున ఊసి, ఏమీ ఎరగనట్టు అద్దం ఎక్కించుకునే మిమ్మల్నే. మీరు కాకపోతే మీ పక్క సీటాయన. ఆయన్ని ఒక్క మాటైనా అనలేదు కాబట్టి మీకూ వాటా ఉంది.

నడిచేవాళ్లకు చోటున్న ఊరొకటి చూద్దామని కిందటి నెల పుదుచ్చేరి వెళ్లాను. నెల్లూరు నుంచి మా కాలేజీ లెక్చరర్లం టెంపో మాట్లాడుకున్నాం. తెల్లవారకముందే బయల్దేరి, చెన్నై దాటాక సముద్రం వెంబడి రోడ్డు పట్టుకుంటే, దారిలో టిఫినుకు ఆగినా మధ్యాహ్నం భోజనం వేళకు చేరిపోతారు. సాయంత్రం ఆరయితే బీచ్ రోడ్డులోకి బండ్లు రానివ్వరు. అందుకని నాలుగింటికల్లా ఫ్రెంచివాళ్ల కాలం నాటి పేట వైట్ టౌన్‌లోకి వచ్చి, ఒక పసుపు గోడ పక్కన టెంపో ఆపాం.

గోడవారనే ఒక బజ్జీల బండి, సరోజక్క అనే ఆమెది. మా మాటలు వినగానే ఆమె ముఖం విప్పారింది. "ఏ ఊరన్నా మీది? మేము తాతల కాలం నుంచీ ఈడే. ఇంట్లో తెలుగే." ప్లేటు ముప్పై రూపాయలు, మిరపకాయ బజ్జీ అమోఘం. తింటూ గోడ చూశాను. నడుమెత్తున ఎర్రటి చారికలు.

"ఈ గోడ ఇంటి ఓనరు నిన్ననే చెప్పేసినాడన్నా. ఇంకొక్క మరక పడితే బండి తియ్యమన్నాడు. తమిళంలో రాసిపెడితిని. వ్యాన్లలో వచ్చే మనోళ్లకి తమిళం యాడొస్తాది? నువ్వు తెలుగులో రాసియ్యి. మన బాసలో చెప్తే మనోళ్లు ఇంటారు."

"నువ్వే రాయొచ్చుగా అక్కా?"

"మాట్లాడను వస్తాది. రాసేది యాడ నేర్చుకుంటి! ఇస్కూల్లో అంతా తమిళమే."

అట్టముక్క మీద "దయచేసి ఉమ్మకండి" అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఆమె దాన్ని తలకిందులుగా తగిలించింది. నేను నవ్వితే తానూ నవ్వి, తిప్పిపెట్టింది.

అప్పుడొచ్చాడు ప్రభాకర్, మా ఫిజిక్స్ లెక్చరర్, జర్దా కిళ్లీ నములుతూ. "అబ్బో, పాండిచ్చేరిలో తెలుగు!" అని అట్ట మీది మాటలు పైకి చదివాడు. చదివి, రెండడుగులు జరిగి, గోడ మీదే ఊశాడు.

"చదివావు కదయ్యా!"

"అట్ట మీద ఊయలేదుగా మాస్టారూ! అయినా కడిగేవాళ్లుంటారు."

"ఎవరు వాళ్లు? ఒక్క పేరు చెప్పు."

కడిగేవాళ్లకు ఈ దేశంలో కులముంటుంది, పేరుండదు. ఆ ధైర్యంతోనే ఊస్తాం. చదువు లేక కాదు, చెత్తడబ్బా లేకా కాదు.

తడిగుడ్డ తెచ్చి అతని చేతికివ్వబోయాను. నవ్వేసి టెంపో ఎక్కాడు. "పోనిద్దురూ, ట్రిప్పు పాడుచేయకండి" అంటూ మిగతావాళ్లు నన్నే సముదాయించారు. నేనే తుడిచాను. అరచేయంత మరక జానెడైంది. ఇంతలో ఆ ఇంటి ఓనరు తలుపు తీశాడు. కేకలేయలేదు. మరక చూశాడు, అట్ట చూశాడు. "ఎడుత్తుడుమ్మా," అన్నాడు. బండి తీసెయ్యమని.

"ఊసినవాడు టెంపోలో ఉన్నాడండీ!" అన్నాను. ఆయన తలుపేసుకున్నాడు.

సరోజక్క పొయ్యి ఆర్పింది. "ఊసేది మనోళ్లు కాదు, మనోళ్లు కాదు అని ఆయనతో ఇన్నాళ్లూ వాదిస్తినే అన్నా," అంది. "ఇంక యాడ పెట్టుకునేది?" కాగిన నూనె తొణక్కుండా బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

సముద్రం బాగుందా అని అడగకండి, నేను సరిగ్గా చూడలేదు. పరాయి ఊళ్లో మన భాష వినబడితే పొంగిపోతాం. ఆ భాషను నమ్మిన మనిషి బతుకుతెరువు మీద ఊసి వస్తాం. ప్రయాణానికి సలహా ఒక్కటే: నమిలే అలవాటుంటే మూత గట్టిగా ఉన్న సీసా ఒకటి జేబులో పెట్టుకోండి.

నా డిమాండ్లు ఇవి:

- ఊసినవాడి చేతే, అక్కడే, అప్పుడే కడిగించాలి.
- శిక్ష ఊసినవాడికి పడాలి, పక్కన బతికేవాళ్లకు కాదు.
- యాత్రల బండ్లన్నిటిలో ఉమ్మితొట్టి ఉండాలి.
- వీధులు కడిగే కార్మికులకు పర్మనెంటు ఉద్యోగం ఇవ్వాలి.
- ప్రభాకర్ వెళ్లి ఆ గోడకు రంగు వేయాలి.
- సరోజక్క చోటు సరోజక్కకు తిరిగి ఇవ్వాలి.