పద్మావతమ్మ టిఫిన్ ప్రశ్న

ఆటోనగర్ పక్క మైదానంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పే పద్మావతమ్మ, నేత చీర కింద బూట్లు తొడుక్కుని, ప్రతి ఉదయం ఒక్కొక్కరినీ ఆపి "ఏం టిఫినే?" అని అడుగుతుంది. "మేడమ్‌కి ఎప్పుడూ తిండి గోలే" అని పిల్లలు నవ్వుకుంటారు. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంటుంది. ఒకసారి ఫైనల్లో భానుశ్రీ తల అవతలి జట్టు పిల్ల మోకాలికి గట్టిగా తగిలింది. భానుశ్రీ వెంటనే లేచి దుమ్ము దులుపుకుంది. "నాకేం కాలేదు మేడమ్! ఇంకొక్కసారి కూతకెళ్తే కప్పు మనదే!"

"సరేగాని, పొద్దున ఏం తిన్నావే?"

"ఇడ్లీ."

పొద్దున పెసరట్టు, అల్లం పచ్చడి అని అందరినీ ఊరించిన పిల్ల అది! పద్మావతమ్మ ఆమెను ఆట మాన్పించి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కప్పు పోయింది. మెదడు అదిరిందనీ, వెంటనే మరో దెబ్బ తగిలి ఉంటే ప్రాణం మీదికొచ్చేదనీ డాక్టరు చెప్పాడు. నెల తర్వాత, ఇక ఆడొచ్చని ఆయన రాసిచ్చిన చీటీ ఊపుకుంటూ భానుశ్రీ గేటు దగ్గర నుంచే అరిచింది. "పెసరట్టు మేడమ్! రెండు!"

"అయితే కూతకెళ్ళు" అంది పద్మావతమ్మ.