కర్టెన్లావిడ సైకిలు వెనక దీపం

ఆ వీధిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఇంట్లో తమ్ముడికి అక్క, అతని భార్యకు వదిన, బయట అందరికీ కర్టెన్లావిడ. పడుచు వయసంతా బట్టల మిల్లులో మరమగ్గాల మధ్య గడిపింది. మిల్లు మూతపడ్డాక తమ్ముడి ఇంటి ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని కిటికీలకు కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది. కొలతలకు తనే వెళ్లేది. కుట్టినవాటిని తనే మోసుకెళ్లి, స్టూలెక్కి కడ్డీలకు తగిలించి, ముడతలు సరిచేసి మరీ వచ్చేది. తిరగడానికి వెనక వెడల్పాటి క్యారియరున్న పాత సైకిలొకటి ఉండేది.

మిల్లు ఆవిడకు ఇచ్చినవాటిలో చివరిదాకా మిగిలింది చెవుడు. అది ఒక్కసారిగా రాలేదు. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత తలుపు తట్టే చప్పుడు పోయింది. ఆ తర్వాత పక్క గదిలోంచి పిలిచే పిలుపు. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ల పెదాలు చూసి విషయం పట్టేసేది. పట్టలేనప్పుడు నవ్వి ఊరుకునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు సైకిలు ఎక్కనివ్వరని ఆవిడకు తెలుసు.

మరదలు ఊరి ఈతకొలనులో టికెట్లు ఇచ్చేది. నీళ్లలో కేరింతలు కొట్టేవాళ్లకు వినపడేలా అరిచి అరిచి ఆమె గొంతు ఇంట్లో కూడా తగ్గేది కాదు. దానివల్ల కూడా వదినగారి చెవుడు చాలాకాలం దాగింది.

పొద్దు తొందరగా గూకే చలికాలంలో ఒక సాయంత్రం, ఒక వ్యాను ఆవిడ భుజానికి తగిలేంత దగ్గరగా దూసుకుపోయింది. వెనక బండి వస్తోందని ఆవిడకు తెలియనే తెలియదు. చెంపకు గాలి కొట్టాకే తెలిసింది. సైకిలు ఒరిగి, మోచెయ్యి చెక్కుకుపోయి, కర్టెన్ల మూట బురదలో పడింది.

"ఈ వయసులో ఈ సర్కస్ ఎందుకు వదినా? ఆ సైకిలు ఎవరికైనా ఇచ్చేసి ఇంటిపట్టున కూర్చో," అంది మరదలు, గాయం కడుగుతూ.

"వెనక దీపం లేకే ఇలా అయింది. ఉంటే వాడే పక్కకు తప్పుకునేవాడు," అంది ఆవిడ.

మర్నాడే సైకిల్ షాపుకెళ్లి చిన్న ఎర్ర దీపం తెచ్చుకుంది. షాపతను దాన్ని సీటు కింద గొట్టానికి పట్టీ వేసి బిగించాడు. "అందరూ ఇక్కడే పెట్టించుకుంటారమ్మా," అన్నాడు. అందరి సైకిళ్ల మీదా కర్టెన్ల మూటలు ఉండవు. క్యారియరు మీద మూట ఎక్కించగానే దీపం దాని వెనక దాక్కుంది. తమ్ముడు చూసి, "చీకట్లో కన్ను కొట్టినట్టుంది అక్కా," అని నవ్వాడు.

అక్కడినుంచి తీసి, సీటు దగ్గరనుంచి చక్రం ఇరుసుకు ఏటవాలుగా దిగే కడ్డీకి రబ్బరు పట్టీతో కట్టింది. రబ్బరు ఎండకు సాగింది. దీపం రోజుకింత జారుతూ, వెనకవాళ్లను చూడడం మానేసి చక్రం పుల్లలకేసి తిరిగింది. ఒకరోజు గతుకులో పడినప్పుడు పుల్లల మధ్యకు వెళ్లి ముక్కలైంది. కొత్తది తెచ్చి మడ్‌గార్డుకు చిల్లు పెట్టించి బిగించింది. ఆ రేకు పలచనిది. సైకిలు కదిలితే చాలు గజగజ వణికేది. కొన్నాళ్లకు చిల్లు దగ్గర చీలిపోయింది. చివరికి విసుగొచ్చి, దీపాన్ని తన కోటు వీపుకే గుడ్డ పట్టీ వేసి కుట్టేసుకుంది. సీటు మీద ముందుకు వంగి తొక్కేసరికి అది ఆకాశాన్ని చూడడం మొదలుపెట్టింది.

"వానలో తడిసిన దీపస్తంభంలా ఉన్నావు వదినా," అంది మరదలు.

ఆవిడ పట్టు విడవలేదు. మూట ఎంత పెద్దదైనా దాని వెనక అడ్డమేమీ ఉండని చోటు ఒక్కటే, క్యారియరు చివరి అంచు. అక్కడ ఒక ఇనుప పట్టీని రెండు బోల్టులతో బిగించి, దీపాన్ని దానిమీద కూర్చోబెట్టించింది. బోల్టులు వదులవకుండా కింద రబ్బరు ముక్కలు వేయించింది. చేత్తో ఊపి చూస్తే కదల్లేదు.

"వెనకనుంచి ఎలా కనపడుతుందో నీకెలా తెలుస్తుంది?" అని మరదలు అడిగింది. ఆ మాట మాత్రం ఆవిడ మనసులో పడింది.

తమ్ముడిది రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాను నడిపే ఉద్యోగం. సెలవు రోజు సాయంత్రం, మసక పడుతుండగా, మూట కట్టిన సైకిలు మీద ఆవిడ ముందు వెళ్లింది. తమ్ముడూ మరదలూ వ్యానులో వెనక బయల్దేరారు. దగ్గరగా ఉన్నంతసేపు దీపం బాగానే కనిపించింది. వ్యాను కాస్త వెనకబడగానే మాయమైంది. వ్యాను ముందుకు తీసుకెళ్లి సైకిలు ఆపించి చూస్తే సంగతి తెలిసింది. ఖాళీగా ఉన్నప్పుడు క్యారియరు తిన్నగానే ఉంటోంది. మూట బరువు పడగానే దాని చివర కిందికి కుంగుతోంది. దీపం రోడ్డును చూస్తోంది.

ఆవిడ ఇంటికొచ్చి, పాత చెప్పు అట్టను చీలిక కోసి, ఇనుప పట్టీ కింద దూర్చి దీపం మొహాన్ని కొంచెం పైకెత్తింది. మూట వేస్తే సరిగ్గా తిన్నగా నిలిచేలా. ఈసారి వ్యాను ఎంత వెనకబడినా ఎర్రచుక్క కనిపిస్తూనే ఉంది. మరదలికి పట్టరాని సంతోషమైంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "కనపడుతోంది వదినా!" అని కేకపెట్టింది. ముందున్న మనిషి తల తిప్పలేదు.

"పలకదేంటి?" అంది మరదలు.

"గాలికి వినపడి ఉండదులే," అన్నాడు తమ్ముడు.

ఆ తర్వాతి వానాకాలంలో ఒక సాయంత్రం ఆవిడ ఒక పెద్దింటి కర్టెన్లు తీసుకుని, చినుకుల్లోనే బయల్దేరింది. ఊరి చివర వంతెన ఇరుకు. ఒక సామాన్ల లారీ డ్రైవరు దూరంనుంచే ఎర్రదీపం చూసి, వేగం తగ్గించి, ఆవిడ వెనకే వచ్చాడు. దగ్గరికొచ్చాక లారీ దీపాల వెలుగులో అతనికి ఇంకోటి కూడా కనపడింది. మూటలోంచి ఒక కర్టెన్ అంచు జారి, చక్రం పక్కన రెపరెపలాడుతోంది. హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆవిడ తాపీగా తొక్కుకుంటూ పోతూనే ఉంది.

వంతెన దాటగానే అతను లారీని ముందుకు తీసుకెళ్లి ఆపి, దిగి, రోడ్డు మీద చేతులు చాపి నిలబడ్డాడు. ఆవిడ బ్రేకు వేసింది. అతను ఏదో చెబుతున్నాడు. మూతికి మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అలవాటు కొద్దీ నవ్వింది.

అతను మఫ్లరు కిందికి లాగాడు. "నవ్వుతారేంటమ్మా? హారన్ కొట్టి కొట్టి నా చెయ్యి పడిపోయింది!"

ఆవిడ అతని మొహం చూసింది. "నాకు వినపడదు బాబూ," అంది.

ఇన్నేళ్లలో ఆ మాట బయటికి అనడం అదే మొదలు. ముక్కూమొహం తెలియని మనిషితో అంది.

అతను మాటలు మానేసి వేలుతో చూపించాడు. కర్టెన్ అంచు అప్పటికే ఇరుసుకు చుట్టుకుంటోంది. ఇంకాస్త దూరం పోయి ఉంటే చక్రం బిగుసుకుపోయేది. ఇద్దరూ వంగి దాన్ని మెల్లగా విప్పారు. కొంత చిరిగింది. అతను మూట మళ్లీ గట్టిగా కట్టాడు. చిరిగినవి ఇవ్వలేక ఆవిడ సైకిలు ఇంటివైపు తిప్పింది. వెళ్లమన్నా అతను వెళ్లలేదు. ఆవిడ సైకిలు వెనకే లారీ నడుపుకుంటూ ఇంటిదాకా వచ్చాడు. వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చి మరీ చూశారు.

"చెవులు వినపడని మీ అత్తగార్ని ఇలా ఒంటరిగా పంపిస్తారా?" అని మరదల్ని నిలదీశాడు.

"అత్తగారు కాదు, మా వదిన," అంది మరదలు ముందు. తర్వాత మిగతా మాట తలకెక్కింది. "వినపడకపోవడమేంటి?"

లారీ వెళ్లిపోయింది. వదినగారు గుమ్మంలో తడి కోటు విప్పుతూ నిలబడింది.

"నిజమేనా?" అంది మరదలు, ఎదురుగా వచ్చి.

"నిజమే."

"ఎప్పట్నుంచి?"

"మిల్లులో ఉన్నప్పట్నుంచే కొంచెం కొంచెం."

"అంటే ఇన్నాళ్లూ నేను తిట్టిన తిట్లన్నీ గాలికి పోయాయా?"

"ఎక్కడికీ పోలేదులే. వినపడకపోయినా కనపడేవి."

మరదలికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు అటూ ఇటూ పడేసింది. ఆ చప్పుడు వినాల్సిన మనిషికి వినపడదని గుర్తొచ్చి చేతిలో గిన్నె దించేసింది. తర్వాత పొడి తువ్వాలు తెచ్చి వదిన తల తుడిచింది. పూర్తయ్యాక మళ్లీ ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి, "రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం," అంది.

"సైకిలు తీసేస్తావా?"

"ఎవరు తీసేస్తానన్నారు? హ్యాండిలుకు అద్దం ఒకటి పెట్టించుకో. వెనకవాళ్లకు నువ్వు కనపడితే చాలదు, నీకూ వాళ్లు కనపడాలి."

డాక్టరు చెవిలో పెట్టుకునే మిషను ఇప్పించాడు. పోయిన శబ్దాలన్నీ తిరిగి రాలేదు. పిట్టలు రాలేదు. వచ్చినవాటిలో కొన్ని ఆవిడకు నచ్చలేదు. అది పెట్టుకుని సైకిలెక్కిన మొదటిరోజు నాలుగడుగులు వెళ్లి దిగిపోయింది. "ఇంత గోల చేస్తుందా ఇది?" అని చెయిన్‌కు నూనె పోసింది. కుట్టుమిషను దగ్గర మాత్రం చెవి మిషను తీసి పెట్టేసేది.

మోకాళ్లు మొరాయించేదాకా ఆవిడ సైకిలు తొక్కింది. ఆ తర్వాత జనమే కిటికీ కొలతలు రాసుకుని ఇంటికి రావడం మొదలైంది. వాళ్లు తెచ్చే కొలతలు ఎప్పుడూ తప్పే. ఈతకొలను ఉద్యోగం అయిపోయాక ఆ కొలిచే పని మరదలు తీసుకుంది. టేపు మెడలో వేసుకుని నడిచి వెళ్లేది. ఆమె కొలతల్లోనూ వదినగారికి ఏదో ఒక లోపం కనపడేది.