లాంచీ అడుగున తూట్లు

మా అమ్మ పుట్టినూరు నాగార్జునసాగర్ నీళ్ల అడుగున ఉంది. డ్యాము కట్టేటప్పుడు ఆ ఊరు ఖాళీ చేయించి, జనాన్ని గొడ్లను తోలినట్టు మాచర్ల వైపు తోలారు. అప్పటికి అమ్మ చిన్నపిల్ల. అందుకే నా చిన్నతనంలో మాకు అమ్మమ్మగారి ఊరంటే ఒక చెక్క లాంచీ. ఏడాదికోసారి ఇంటికి తాళం వేస్తూ అమ్మ పక్కింటావిడతో, "పుట్టింటికి పొయ్యొస్తా అక్కా" అని చెప్పేది. ఊరు మునిగిన చోటికి రాగానే లాంచీ నడిపే సరంగు ఇంజను ఆపేసేవాడు. ఆయనదీ ఆ ఊరే. ఆడవాళ్లు నీళ్లలోకి పసుపు కుంకుమ వదిలేవాళ్లు. క్రైస్తవుల ఇళ్ల ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుని ప్రార్థన చేసేవాళ్లు, వాళ్ల సమాధులూ అక్కడే మునిగాయి మరి. కాసేపటికి మళ్లీ ఇంజను మోగేది. అంతే మా ప్రయాణం.

కొత్త బోట్లు వచ్చాక లాంచీని గట్టున కట్టేసి వదిలేశారు. కొత్త బోటాయన్ని అక్కడ కాసేపు ఆపమంటే, "ఆడ చూసేదానికి ఏముందమ్మా, నీళ్లేగా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం, "మన లాంచీనే బాగు చేయించుకుందాం" అంది.

ఆ ఊరివాళ్లందరికీ ఫోన్లు చేసి కూడగట్టాం. ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకున్నాం. వడ్రంగులు పుచ్చిన చెక్కలు తీసి కొత్తవి బిగించారు, సందుల్లో నూలు కుక్కి తారు పూశారు. మెకానిక్ ఇంజను మొత్తం విప్పి మళ్లీ కట్టాడు. గట్టు పక్కనే స్టార్ట్ చేస్తే, ఆ డగడగ విని అమ్మ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

అప్పుడు దిగాడు టూరిజం ఆఫీసరు. ఇది చరిత్ర ఉన్న లాంచీ అట, నీళ్లలో ఉంటే పాడైపోతుందట, తామే కాపాడతారట. మేం సంబరపడ్డాం కూడా, మా తెలివి తెల్లారినట్టే ఉంది. పిడుగురాళ్ల క్వారీ నుంచి క్రేను తెప్పించి, లాంచీని ఎత్తి పార్కులో సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టారు. ఇంజను పీకి అద్దాల పెట్టెలో పెట్టారు. ఒంటినిండా రంగులు, ముందు భాగాన ఫైబరు నెమలి. వాన నీళ్లు నిలవకూడదని అడుగున డ్రిల్లుతో తూట్లు పొడిచారు. నీళ్లు లోపలికి రాకుండా మేం సందు సందూ పూడ్పిస్తే, నీళ్లు బయటికి పోవడానికి వీళ్లు పడవకు తూట్లు పొడిచారు. ఇదేం కాపాడటమయ్యా అని అడిగితే, ఆఫీసరు "సేఫ్టీ మేడమ్" అన్నాడు. వాళ్ల సేఫ్టీ తగలెయ్య.

ప్రారంభోత్సవానికి అమ్మే ముఖ్య అతిథి. వెళ్లొద్దని మొత్తుకున్నాను, వినలేదు. శాలువా కప్పి, లాంచీలో కూర్చోబెట్టి, మైకు చేతికిచ్చారు. అమ్మ ఆఫీసరు వైపు తిరిగింది.

"ఏ ఊరు నాయనా మీది?"

"నరసరావుపేట పక్కనమ్మా."

"పోతుంటావా?"

"పోకుండా ఎట్టా ఉంటామమ్మా."

"దేంట్లో పోతావు?"

"కార్లో."

"ఆ కారుకి చక్రాలు పీకి, రంగులేసి, దిమ్మె మీద పెడితే ఎట్టుంటది నీకు?"

ఆయన నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ముసలావిడ సరదాకి అంటోందనుకున్నారు.

"చూసేదానికి చానా బాగుంది" అంది అమ్మ. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా ఉండి, మళ్లీ మాట్లాడింది. "కానీ మా ఊరు చూసే ఊరు కాదయ్యా. ఇది ఎక్కి పోతేనే నాకు ఊరున్నట్టు. మొదట నీళ్లలో ముంచారు, ఇప్పుడు దారి కూడా తీసేశారు."

ఎవరో మైకు అందుకున్నారు. నేను చెయ్యి పట్టుకుని అమ్మను దించాను.

సాయంత్రానికి వాళ్ల వీడియో నా ఫోనుకే వచ్చింది. శాలువా ఉంది, నవ్వులున్నాయి, "చూసేదానికి చానా బాగుంది" అన్న అమ్మ మాట ఉంది, చప్పట్లు ఉన్నాయి. అక్కడితో కోసేశారు.